కాడి దించిన తర్వాత

లారీని ఆపి అందులోని పశువుల్ని దింపడానికి ఒక్క రాత్రి చాలు. దింపిన పశువును దాని ఆయుష్షు తీరేదాకా సాకడానికి పది పన్నెండేళ్ళు పడుతుంది. మొదటి పనికి పేపర్లో ఫొటో వస్తుంది. రెండో పనికి నెలనెలా గడ్డి బిల్లు వస్తుంది. ఆ బిల్లులు చూసే మనిషిని నేను.

నా సంగతి నాలుగు మాటల్లో చెబుతాను. మా ముత్తాత కరీంనగర్ ప్రాంతం నుంచి నేతపని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. ఇంట్లో మగ్గాలే తప్ప పశువులు ఎప్పుడూ లేవు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరాను. ఉద్యోగరీత్యా బరంపురంలో, చెన్నైలో కొన్నేళ్ళు ఉండి తిరిగి సొంత ఊరు చేరాను. ఊరి చివర ఒక చిన్న గోశాల ఉంది. దాని అధ్యక్షులు గుజరాతీ వర్తకులు, కార్యదర్శి కన్నడిగులు, మేత కొనుగోలు చూసేది మరాఠీ రైతు. లెక్కలకు మనిషి కావలసి వచ్చి ఈ తెలుగువాణ్ణి పట్టుకున్నారు. ఏడేళ్ళుగా ఆదివారాలు అక్కడే గడుస్తున్నాయి. అక్కడ నేర్చుకున్నది మన కుటుంబాలతో పంచుకోవాలని ఈ వ్యాసం.

ఎక్కడి నుంచి వస్తాయి?

గోశాల అనగానే పాలిచ్చే ఆవులు, పక్కన గెంతే దూడలు కళ్ళముందు కదులుతాయి. మా దగ్గరికి వచ్చేవి అటువంటివి కావు. ఒట్టిపోయిన ఆవులు, మెడమీద కాడిపుండు మానని ఎడ్లు, డెయిరీవాళ్ళకు అక్కర్లేని కోడెదూడలు, రోడ్డు ప్రమాదంలో కాలు విరిగినవి, పోలీసులు పట్టుకొచ్చినవి. అప్పుడప్పుడు గేదెలు, గాడిదలు కూడా.

దీనికి కారణం రైతుకు మనసు లేకపోవడం అనుకుంటే పొరపాటు. బ్యాంకులో ఎడ్లజతకు లోన్లు ఇచ్చిన రోజుల నుంచి నాకు ఆ లెక్క తెలుసు. ఎద్దుకు ఇన్సూరెన్సు చేసేటప్పుడు చెవికి బిళ్ళ వేసేవారు. ఎద్దు చచ్చిపోతే ఆ బిళ్ళ తెచ్చి చూపాలి, లేకపోతే క్లెయిము లేదు. లోను అయిదేళ్ళలో తీరేది. ఎద్దు మరికొన్నేళ్ళు పనిచేసేది. ఆ తర్వాత రైతు దాన్ని సంతలో అమ్మి, వచ్చిన డబ్బుకు కొంత కలిపి కొత్త ఎద్దును కొనేవాడు. అకౌంటెన్సీ భాషలో చెప్పాలంటే తరుగుదల పోగా మిగిలిన విలువ అది. ఆ ముసలి ఎద్దు ఎక్కడికి పోయేదో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు.

తర్వాత రెండు మార్పులు వచ్చాయి. మొదటిది ట్రాక్టరు. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం 2012తో పోలిస్తే దేశంలో మగ గొడ్లు సుమారు 30 శాతం తగ్గాయి, ఆవులు సుమారు 18 శాతం పెరిగాయి. పాలకు ఆవు కావాలి, దున్నడానికి ఎద్దు అక్కర్లేదు. కాని ఈనిన ప్రతిసారీ పుట్టేది పెయ్యదూడే కాదు కదా. రెండోది చట్టం. మహారాష్ట్రలో 2015 నుంచి ఆవులతోపాటు ఎడ్లను, ఆబోతులను వధించడం కూడా నిషేధం. కర్ణాటకలో 2021 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇంచుమించు అటువంటిదే. అక్కడ పదమూడేళ్ళు దాటిన గేదెలకే మినహాయింపు ఉంది.

చట్టం మంచిదా కాదా అన్నది ఈ వ్యాసం విషయం కాదు. మన పాఠకుల్లో రెండు అభిప్రాయాలవాళ్ళూ ఉంటారు. నేను చెప్పేది లెక్క ఒక్కటే. సంతలో విలువ పోయిన పశువు మేత మానదు. నెలకు కొన్ని వేలు తినే ముసలి ఎద్దును రెండెకరాల మెట్టరైతు ఎంతకాలం పోషించగలడు? కొందరు అప్పుచేసి అయినా పోషిస్తారు, చూశాను. కొందరు చీకటిపడ్డాక పక్క ఊరి పొలిమేరలో వదిలేస్తారు. అదే పశుగణనలో దేశం మొత్తంమీద వీధిపశువులు సుమారు 50 లక్షలని తేలింది. మన వీధి మలుపులో చెత్తకుండీ దగ్గర నిలబడిన ఆవు ఆ అంకెలో ఒకటి.

పెద్దలు వేసిన దారి

ఈ సమస్య మన తరంతో పుట్టింది కాదు. ముంబాయిలో ఉన్న మనవాళ్ళకు పాంజరాపోళ్ అన్న పేరు చెంబూరు జంక్షన్ వల్లా, ఆణిక్ వైపు వెళ్ళే లింకు రోడ్డు వల్లా బాగా పరిచయం. ఆ మాట గుజరాతీది. పింజ్రా అంటే పంజరం, బోను. ముసలి, కుంటి, గుడ్డి పశువుల్ని పెట్టి పోషించే చోటుకు ఆ పేరు స్థిరపడింది. గోశాలలో సాధారణంగా ఆవులే ఉంటాయి. పాంజరాపోళ్‌లో మేకలు, గుర్రాలు, పక్షులతో సహా ఏ ప్రాణికైనా చోటుంటుంది.

బొంబాయి పాంజరాపోళ్ 1834లో మొదలయింది. అంతకు రెండేళ్ళ ముందు కంపెనీ ప్రభుత్వం వీధికుక్కల్ని చంపించగా 1832లో నగరంలో పెద్ద అలజడి రేగింది. ఆ తర్వాత పార్సీ వర్తకుడు జంషెడ్జీ జీజీభాయ్, జైన, హిందూ వర్తకులు కలిసి దిక్కులేని జంతువుల కోసం భులేశ్వర్ ప్రాంతంలో ఈ సంస్థను నెలకొల్పారు. కలకత్తాలో 1885లోనూ, మద్రాసులో 1906లోనూ ఇటువంటివే వచ్చాయి. చెన్నై అయనావరంలో ఉన్న మద్రాస్ పింజ్రాపోల్ మన పాఠకుల్లో చాలామంది బస్సులోంచి చూసే ఉంటారు.

ఆ వర్తకుల దయాగుణాన్ని అందరూ పొగుడుతారు. నాకు నచ్చింది వాళ్ళ అకౌంటింగు. పశ్చిమ భారతంలో మహాజనాలని పిలిచే వర్తక సంఘాలు తమ చేతుల మీదుగా పోయే సరుకు మీద లాగా అనే చిన్న పన్ను తమకు తామే వేసుకొని పాంజరాపోళ్‌కు కట్టేవి. అంటే దయ ఎవరికి ఎప్పుడు కలుగుతుందా అని ఎదురుచూడనక్కర్లేదు. వ్యాపారం నడిచినంతకాలం పశువుకు గడ్డి వస్తుంది. దాదాపు రెండు వందల ఏళ్ళనాటి ఏర్పాటు అది. ఇప్పటి గోశాలలు చాలావరకు ఈ సూత్రాన్ని మరచి, పండుగనాడు వచ్చే చందాల మీద బతుకుతున్నాయి.

ఒక పశువు, పన్నెండేళ్ళు

ఇక లెక్క చూద్దాం. మూడు వందల కిలోల బరువున్న పశువుకు రోజూ తన బరువులో రెండు నుంచి రెండున్నర శాతం ఎండుపదార్థం కడుపులో పడాలి. మా షోలాపూర్ పద్ధతిలో చెబితే అయిదు కిలోల జొన్నచొప్ప, పది పన్నెండు కిలోల పచ్చిమేత. పైన గుప్పెడు ఖనిజ లవణ మిశ్రమం, ఉప్పు. నీళ్ళు మామూలు రోజుల్లో నలభై లీటర్లు, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. దీనికి కూలి, మందులు, కరెంటు, కొట్టం మరమ్మతు కలపాలి.

ఎంత అవుతుంది? రెండు ప్రభుత్వ అంకెలు ఉన్నాయి. కర్ణాటక ప్రభుత్వం 2022లో పుణ్యకోటి దత్తు పథకం ప్రారంభించినప్పుడు ఒక పశువును ఏడాదిపాటు దత్తత తీసుకోవడానికి 11,000 రూపాయలుగా నిర్ణయించింది. రోజుకు ముప్ఫై రూపాయలు. మహారాష్ట్ర ప్రభుత్వం 2024లో గోశాలల్లోని దేశవాళీ ఆవుకు రోజుకు 50 రూపాయల సాయం ప్రకటించింది. ఏడాదికి 18,250. సాయమన్నారు గాని పూర్తి ఖర్చని అనలేదు. అది దేశవాళీ ఆవులకే. సంకరజాతి ఆవుకు, గేదెకు, గాడిదకు వర్తించదు. 2019 కరువులో సాంగోలా, మంగళవేఢా వైపు తెరిచిన పశుశిబిరాల్లో ఇదే ప్రభుత్వం పెద్ద పశువుకు రోజుకు 100 రూపాయల వరకు ఇచ్చింది. అసలు ఖర్చు ఏ వైపు ఉంటుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

సరే, తక్కువలో తక్కువ 50 రూపాయలే అనుకుందాం. ఎనిమిదేళ్ళ ఎద్దు వచ్చింది, మరో పన్నెండేళ్ళు బతికింది అనుకుందాం. దానికోసం ఈ రోజు బ్యాంకులో 7 శాతం వడ్డీకి ఎంత డిపాజిట్ చేస్తే పన్నెండేళ్ళూ మేతకు సరిపోయి, చివరకు ఖాతా సున్నా అవుతుంది? సుమారు 1,45,000 రూపాయలు. అదైనా గడ్డి ధర పన్నెండేళ్ళూ ఒకేచోట నిలబడితే. ధర ఏటా 5 శాతం పెరుగుతుందనుకుంటే 1,85,000 కావాలి. రోజు ఖర్చు 100 అయితే ఇవన్నీ రెట్టింపు. ఒక ఎద్దును నిజంగా కాపాడడమంటే దాని పేరు మీద ఇంత డబ్బు కనబడాలి. లారీ ఆపిన రాత్రి ఈ లెక్క ఎవరూ వెయ్యరు.

ఈ అంకెలు భయపెట్టడానికి చెప్పలేదు. నలభై కుటుంబాలు నెలకు వంద రూపాయల చొప్పున ఇస్తే నాలుగు వేలు. రోజుకు వంద ఖర్చయినా ఒక ఎద్దుకు సరిపోయి ఇంకా కాస్త మిగులుతుంది. మన సంఘంలో ఒక్కొక్క శాఖకు నలభై కుటుంబాలు ఉండనే ఉన్నాయి.

కోర్టు సొత్తు

పోలీసులు పట్టుకున్న పశువుల సంగతి ప్రత్యేకం. కేసు తేలేవరకు అవి సాక్ష్యం కిందే లెక్క. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 2017లో చేసిన నియమాల ప్రకారం మేజిస్ట్రేటు వాటిని కేసు నడిచినంతకాలం గోశాలకో, పాంజరాపోళ్‌కో అప్పగించవచ్చు. రవాణా, వైద్యం, పోషణ ఖర్చులు యజమాని దగ్గర, రవాణా చేసినవాళ్ళ దగ్గర రాబట్టాలి. ఆ ఖర్చుకు పట్టుబడిన వాహనాన్ని హామీగా ఉంచవచ్చు. చదవడానికి చక్కటి నియమం. మా పుస్తకాల్లో మాత్రం ఆ డబ్బు రావలసిన బాకీల కాలంలో ఏళ్ళ తరబడి కూర్చుంటుంది. ఎద్దు ఈ రోజు మేత ఈ రోజే తింటుంది.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక రాత్రి పదిన్నరకు మా కార్యదర్శికి ఫోను వచ్చింది. పందొమ్మిది పశువులున్నాయి, తీసుకోండి అన్నారు. వానలు మొదలవడానికి ఇంకా నెల. మేటులో చొప్ప ఉన్న పశువులకే అంతంతమాత్రం. అధ్యక్షులు నన్ను లేపి, "రావుగారూ, ఎన్నింటికి సరిపోతుంది?" అని అడిగారు. స్టాకు రిజిస్టరు చూసి ఎనిమిది అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఎనిమిదికి ఒప్పుకుని, తెల్లవారేలోగా మరో రెండు గోశాలలకు ఫోన్లు చేసి మిగిలిన పదకొండింటికి చోటు చూపించారు. దింపినప్పుడు కొన్నింటికి లేచి నిలబడే ఓపిక లేదు. మా ఎనిమిదిలో మూడు వారం తిరక్కుండానే చనిపోయాయి. అయిదు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాత్రి జాలిపడి పందొమ్మిదీ తీసుకుని ఉంటే జూన్ వచ్చేసరికి వాటితోపాటు పాతవి కూడా ఎండిపోయేవి. చోటు లేనప్పుడు లేదని చెప్పే గోశాలను మన వాళ్ళు కఠినమైనదని అనుకుంటారు. నాకు దాని లెక్కల మీద నమ్మకం కలుగుతుంది.

ఇల్లంటే ఏమిటి?

తాడు కట్టి గడ్డి వేస్తే ఇల్లు అయిపోదు. వచ్చిన పశువును ముందు రెండు వారాలైనా విడిగా ఉంచాలి. గాలికుంటు వంటి జబ్బులు ఒక్క పశువుతో మంద మొత్తానికి పాకుతాయి. 2022లో లంపీ చర్మవ్యాధి వచ్చినప్పుడు ఈ విడికొట్టం విలువేమిటో అందరికీ తెలిసివచ్చింది.

ముసలి పశువుకు పళ్ళు అరిగిపోతాయి. నిలువు చొప్ప వేస్తే నమిలినట్టే కనబడుతుంది, లోపలికి పోయేది తక్కువ. చాఫ్ కట్టర్‌లో చిన్న ముక్కలు కొట్టి వెయ్యాలి. ఏళ్ళ తరబడి తారురోడ్డు మీద నడిచిన ఎడ్లకు సిమెంటు నేల పనికిరాదు. మట్టినేల, పడుకోవడానికి ఇసుక కావాలి. లేవలేని పశువును రోజుకు కొన్నిసార్లు పక్కమార్చి పడుకోబెట్టకపోతే ఒరుసుకుని పుండ్లు పడతాయి. గిట్టలు పెరిగితే కత్తిరించాలి. కోడెలకు విత్తు కొట్టించాలి, లేదా ఆవుల నుంచి వేరుగా ఉంచాలి. ఉన్నవాటికే మేత చాలని చోట కొత్త దూడలు పుట్టించడం ఏం న్యాయం?

వీధిలో తిరిగి వచ్చిన ఆవులకు మరో బాధ. మనం కూరగాయల తొక్కలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారేస్తాం. ఆవుకు ముడి విప్పడం రాదు కదా, సంచితో సహా మింగుతుంది. అది పొట్టలో పేరుకుపోయి చివరకు ఆపరేషను చేసి తియ్యాలి. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ ఈ విషయం మీదే 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

మనస్సు సంగతి కూడా ఉంది. కొన్నేళ్ళ కిందట మోహోళ్ వైపు నుంచి ఒక రైతు తన ఖిల్లారి ఎద్దును నడిపించుకుని వచ్చాడు. జోడులో ఒకటి పాము కరిచి చనిపోయింది. ఇది దాపటి ఎద్దు. దాదాపు పదేళ్ళు దాని కుడిపక్కన వెలపటిది నడిచింది. మా గోశాలలో కూడా అది గాడి దగ్గర కుడిపక్కన ఎద్దు పట్టేంత చోటు వదిలి నిలబడేది. మేత సరిగా ముట్టేది కాదు. మా పనివాడు నాలుగోరోజున ఒక ముసలి ఎద్దును తెచ్చి ఆ ఖాళీలో కట్టాడు. ఆ సాయంత్రానికి రెండూ ఒకే గాడిలో తిన్నాయి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ రాయరు. పశువులతో బతికినవాడికి తెలుస్తుంది.

ఆ రైతు నెలకు రెండు వందలు పంపుతాడు. ఒక్కోసారి మూడు నెలలు ఆలస్యమవుతుంది, కాని మానడు. కార్‌హుణ్ణిమెనాడు స్వయంగా వచ్చి కొమ్ములకు రంగువేసి, హోళిగ తినిపించి వెళతాడు. ఒకసారి, "సాహెబ్, దీన్ని అమ్ముకున్నానని ఊళ్ళో అనుకుంటున్నారు. అమ్మలేదని మీరు ఒక చీటీ రాసివ్వండి" అన్నాడు. గోశాల లెటర్‌హెడ్ మీద రాసి, ముద్రవేసి ఇచ్చాను. బ్యాంకులో ఎన్నో సర్టిఫికెట్లు రాశాను గాని అంత శ్రద్ధగా మడిచి జేబులో పెట్టుకున్నవాణ్ణి చూడలేదు.

ఎద్దును రైతు చేతినుంచి గౌరవంగా విశ్రాంతికి పంపే పని మా ప్రాంతంలో మరికొందరు చేస్తున్నారు. సాంగ్లీ కేంద్రంగా యానిమల్ రాహత్ అనే సంస్థ 2003 నుంచి చెరుకుబండ్లు లాగే ఎడ్లకు ఉచితంగా వైద్యం చేస్తోంది. పనికిరాని ఎడ్లకు ఆశ్రయం కూడా నడుపుతోంది. అక్టోబరు నుంచి చెరుకు సీజనంతా టన్నులకొద్దీ బరువు లాగిన ఎడ్లవి. వాటి మెడలు చూసినవాళ్ళకు టీలో పంచదార వేసుకునేటప్పుడు గుర్తుకు రాక మానవు.

మన మొక్కులు

మనకే చెందిన విషయం ఒకటుంది. షోలాపూర్, భివండీ, ముంబాయిల్లో ఉన్న మన కుటుంబాల్లో చాలామందికి వేములవాడ రాజన్న ఇలవేల్పు. కోడెమొక్కు మనకు తరతరాలుగా వస్తోంది. ఎక్కువమంది టికెట్టు తీసుకుని గుడి కోడెతో ప్రదక్షిణం చేసి కట్టేస్తారు. కొందరు నిజంగా కోడెను సమర్పిస్తారు. బరంపురం, యానాం వైపు మనవాళ్ళకు సింహాద్రి అప్పన్నకు కోడెదూడను ఇచ్చే మొక్కు అలాంటిదే. ఒకప్పుడు ఆ కోడె దేవుడి ఆబోతై ఊళ్ళ మీద తిరిగేది, లేదా ఒక రైతు కొట్టంలో ఎద్దయ్యేది. ఇప్పుడు కోడె అక్కర్లేని కాలం. సమర్పించినవన్నీ దేవస్థానం గోశాలకు చేరతాయి.

2025 మే చివర వానలు మొదలైనప్పుడు వేములవాడ దేవస్థానం గోశాలలో కొద్దిరోజుల తేడాలో చాలా కోడెలు చనిపోయాయని పత్రికల్లో చదివాం. చోటు మించి పశువులు ఉండడం, కాళ్ళకింద బురద కారణాలుగా రాశారు. చదివి అందరం బాధపడ్డాం, గోశాలవాళ్ళను తిట్టాం. ఆ కోడెల్ని అక్కడికి పంపింది భక్తులమే కదా! తల్లిపాలు మరవని సంకరజాతి కోడెదూడను, డెయిరీకి పనికిరాదని, కట్టేసి పుణ్యం మూటకట్టుకుని వస్తే స్వామికి మనం ఇచ్చింది కానుకా, ఖర్చా?

మొక్కు మానమని నేను అనను. నాకూ ఆ దేవుడే. కోడెతో ప్రదక్షిణం చేసి, కోడె బదులు ఒక కోడెకు ఏడాది మేత సమర్పిస్తే మొక్కు తీరదని ఏ పెద్దలూ అనరు. ప్రాణమున్న కోడెనే ఇస్తామంటే దాని పోషణకు కూడా ఏటా కట్టాలి. కట్నం లేకుండా పెళ్ళి చెయ్యవచ్చు గాని, మేత లేకుండా కోడెను పంపకూడదు.

పశువుకు పూజ చెయ్యని ప్రాంతం మన పాఠకులున్న చోట్ల ఒక్కటీ లేదు. తమిళనాట మాట్టుప్పొంగల్, మనకు కనుమ. కన్నడిగులకు కార్‌హుణ్ణిమె, అదే రోజున మన ఏరువాక. మహారాష్ట్రలో పోళా. బరంపురంలో ఉన్నప్పుడు గహ్మాపున్నమికి ఎడ్లకు బొట్లు పెట్టడం చూశాను. కర్ణాటకవాళ్ళు దత్తత పథకానికి పెట్టుకున్న పుణ్యకోటి పేరు, పులికి మాటిచ్చి దూడకు పాలిచ్చి తిరిగి వెళ్ళిన ఆవుది. ఆ గోవ్యాఘ్ర సంవాదం అనంతామాత్యుడి భోజరాజీయంలో మన తెలుగులోనూ ఉంది. మాట నిలబెట్టుకున్నది అక్కడ ఆవు. ఏడాదికొక రోజు పూజచేసే మనం మిగిలిన 364 రోజుల మాట నిలబెట్టుకుంటున్నామా అన్నదే ప్రశ్న.

మనం చెయ్యగలిగినవి

గోశాలకు డబ్బు ఇచ్చేముందు ఒకసారి చెప్పకుండా వెళ్ళి చూడండి. లోపలికి వచ్చినవాటి రిజిస్టరు, చనిపోయినవాటి రిజిస్టరు, ఆడిటయిన లెక్కలు అడగండి. చనిపోయినవి ఒక్కటీ లేవని చెప్పే గోశాలను నమ్మకండి. ముసలి పశువులున్న చోట చావులు ఉంటాయి, దాచకుండా రాసేవాళ్ళే నిజాయితీపరులు. పశువుల్ని బయటికి ఇస్తారా, ఇస్తే ఎవరికి, తర్వాత వెళ్ళి చూస్తారా అని అడగండి. చెవికి పన్నెండంకెల బిళ్ళ ఉందో లేదో చూడండి. మేటులో ఎన్ని రోజుల చొప్ప ఉందో అడగండి. ఈ చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే ఆ గోశాల బాగా నడుస్తున్నట్టే.

పండుగలకు, తద్దినాలకు అన్నం, పూరీలు, బూరెలు గంపలకొద్దీ తెచ్చి పెట్టకండి. వండిన అన్నం, పిండివంటలు ఎక్కువైతే పశువు పొట్టలో పులిసి ప్రాణం మీదికి వస్తుంది. పుట్టినరోజుకు అరటిపళ్ళ గెల కంటే బండెడు చొప్ప మేలు. అది కూడా ఫిబ్రవరి, మార్చి నెలల్లో, జొన్నకోతలు అయ్యాక ఇవ్వండి. మా ప్రాంతంలో అప్పుడు ధర తక్కువ. అదే డబ్బుకు మేలో సగం కూడా రాదు.

చందాను నెలనెలా, చిన్నదైనా, బ్యాంకు నుంచి దానంతటదే వెళ్ళేలా ఏర్పాటు చెయ్యండి. ఒక్కసారి ఇచ్చే పదివేల కంటే పదేళ్ళు వచ్చే వంద మా వంటివాళ్ళకు ఎక్కువ ధైర్యం. సంఘం శాఖలు తమ ఊళ్ళో ఒక గోశాలనో పాంజరాపోళ్‌నో ఎంచుకుని, ఒక్క పశువు పేరు మీద మూలనిధి మొదలుపెట్టవచ్చు. అది డిపాజిట్‌గా ఉండాలి, వడ్డీ మేతకు పోవాలి. పాతకాలం మహాజనాల లాగా మాదిరిగా, పెళ్ళిలో శాలువాల ఖర్చులో కొంత, గృహప్రవేశం భోజనాల ఖర్చులో కొంత ఆ నిధికి వేసుకోవచ్చు. పిల్లల్ని నెలకొకసారి తీసుకువెళ్ళండి. మన పిల్లలకు దాపటి, వెలపటి అన్న మాటలు పుస్తకంలో దొరకవు. అక్కడ ఎడ్లను చూపించి నేర్పవచ్చు.

ఇక ఇంట్లో చెయ్యగలిగినది ఒకటే, దానికి పైసా ఖర్చు లేదు. తొక్కలు ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పారెయ్యకండి.

దానాలకు పండుగల నెలల్లో కొదవ ఉండదు. మా పుస్తకంలో ఖాళీగా కనబడేవి ఏప్రిల్, మే నెలలు. ఈ వేసవికి మీ శాఖ సమావేశంలో ఈ విషయం ఒక అంశంగా పెట్టండి. ఏ పశువుకు, ఎన్నేళ్ళకు, నెలకు ఎంత అన్నది కాగితం మీద వేసుకుని లేవండి. లెక్క వెయ్యడం తెలియకపోతే మీ శాఖలో బ్యాంకులో పనిచేసేవాడు ఒకడైనా ఉంటాడు. ఆదివారం ఖాళీగానే ఉంటాడు, అడిగి చూడండి.